సీసా అందించింది ఎవరు?

పిల్లాడు తాగి దొరికితే ముందు వాడి చెంప ఛెళ్లుమంటుంది. ఆ తర్వాత మాట తల్లి పెంపకం మీదికి పోతుంది. ఆ సీసా వాడి చేతికి ఎలా వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. చట్టం మొదట అడిగేది అదే.

2024 మే 18. ఇంటర్ రెండో ఏడాదికి సమానమైన పన్నెండో తరగతి గట్టెక్కిన ఆనందంలో పుణెలో 17 ఏళ్ల కుర్రాడు స్నేహితులతో కలిసి బయటికి వెళ్లాడు. ఆ రాత్రి రెండు చోట్ల కూర్చున్నారు. మొదటి చోట గంటన్నరలో అయిన బిల్లు 48 వేల రూపాయలని ఆ ఊరి పోలీసు కమిషనరు తర్వాత విలేకరులకు చెప్పారు. అర్ధరాత్రి దాటాక, కల్యాణీ నగర్‌లో ఆ కుర్రాడు నడుపుతున్నాడని పోలీసులు చెబుతున్న పోర్షే కారు ఒక మోటారు సైకిలును గుద్దింది. దాని మీద వెళ్తున్న ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఇద్దరికీ 24 ఏళ్లే. ఉద్యోగం కోసం మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన పిల్లలు.

ఆ తర్వాతి కథ దేశమంతటికీ తెలుసు. పదిహేను గంటలు తిరగకుండానే బెయిలు వచ్చింది. రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం రాయాలని బాల న్యాయ మండలి షరతు పెట్టింది. రక్త నమూనా మార్చేశారన్న ఆరోపణ మీద ప్రభుత్వాసుపత్రి వైద్యులు అరెస్టయ్యారు. జనం కోపంతో రగిలిపోయి ఆ వ్యాసం గురించే నెలల తరబడి మాట్లాడుకున్నారు. కోపం న్యాయమైనదే. కానీ నా చూపు మాత్రం ఆ 48 వేల బిల్లు దగ్గరే ఆగిపోయింది. మహారాష్ట్రలో మద్యం తాగడానికి కనీస వయసు 25, తేలికపాటి బీరుకైతే 21. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి, మెనూ తెచ్చిన మనిషి, గ్లాసులు పెట్టిన మనిషి, డబ్బు తీసుకున్న మనిషి, లోపల కూర్చున్న మేనేజరు. ఇంతమంది ఎదుటికి పదిహేడేళ్ల పిల్లాడు వచ్చాడు. వీళ్లలో ఏ ఒక్కరైనా “బాబూ, నీ వయసెంత?” అని అడిగి, కార్డు చూసి వెనక్కి పంపి ఉంటే ఆ ఇద్దరు ఇంజినీర్లు మర్నాడు ఆఫీసుకి వెళ్లేవాళ్లేమో.

పుణె పోలీసులు ఆ దారిలోనూ ఒక కేసు పెట్టారు. కుర్రాడి తండ్రి మీద, ఆ రెండు చోట్ల మద్యం అమ్మినవాళ్ల మీద బాల న్యాయ చట్టంలోని 75, 77 సెక్షన్లు మోపారు. ఎక్సైజ్ శాఖ ఆ బార్లకు సీలు వేసింది. కుర్రాడిని పెద్దవాడిగా లెక్కగట్టి విచారించాలన్న పోలీసుల అభ్యర్థనను 2025 జులైలో మండలి తోసిపుచ్చింది. ఆ రోజు మళ్లీ టీవీల నిండా కుర్రాడి శిక్ష గురించే చర్చ. ఆ 77వ సెక్షన్ ఏం చెబుతుందో అడిగినవాళ్లు తక్కువ.

‘ఎవరైనా’ అంటే ఎవరైనా

2015 నాటి బాల న్యాయ చట్టంలో 77వ సెక్షన్ చాలా చిన్నది. 18 ఏళ్లలోపు పిల్లలకు మత్తునిచ్చే మద్యంగానీ, మాదకద్రవ్యంగానీ, పొగాకుగానీ ఎవరైనా ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. అర్హత గల వైద్యుడు రాసిచ్చిన సందర్భానికి తప్ప మరి దేనికీ మినహాయింపు లేదు.

అమ్మారా, ఊరికే ఇచ్చారా అని ఈ సెక్షన్ చూడదు. దుకాణదారుడా, స్నేహితుడా, మేనమామా, కన్నతండ్రా అని కూడా చూడదు. పెళ్లి విడిదిలో “మగపిల్లాడివి కదరా, ఒక్క గుక్క వెయ్” అని గ్లాసు అందించిన బాబాయికీ, నకిలీ నవ్వుతో బీరు బల్ల మీద పెట్టిన బారు మనిషికీ చట్టం ఒక్కటే. బ్రిటన్‌లో ఐదేళ్లు దాటిన పిల్లలకు ఇంట్లో మద్యం ఇవ్వడం నేరం కాదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు తల్లిదండ్రులకు ఈ విషయంలో వెసులుబాటు ఇచ్చాయి. మన పార్లమెంటు ఆ తలుపు తెరవలేదు. నా మట్టుకు నేను అది మంచి నిర్ణయమనే అంటాను. ఎందుకో తర్వాత చెబుతాను.

పక్కనే ఉన్న 78వ సెక్షన్ గురించి మన ఊళ్లలో తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. మద్యం అమ్మడానికో, మోయడానికో, సరఫరా చేయడానికో పిల్లల్ని వాడుకుంటే దానికీ ఏడేళ్లు, లక్ష రూపాయలే. ఆదివారం మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని “పోరా, దుకాణంల ఒక క్వార్టర్ పట్టుకరా, చిల్లర నువ్వే ఉంచుకో” అని పదేళ్ల కొడుకును పంపే తండ్రి, సీసాలు ఏరడానికీ గ్లాసులు కడగడానికీ పర్మిట్ రూమ్‌లో పిల్లాడిని పెట్టుకునే యజమాని ఆ మాటలు ఒకసారి చదివి చూడాలి. ఆ చిల్లర కోసం పరుగెత్తిన పిల్లాడికి సీసా కొనడం ఎంత తేలికో పదేళ్లకే తెలిసిపోతుంది. దుకాణం వాడి ముఖం పరిచయమైపోతుంది. నాలుగేళ్ల తర్వాత వాడే తన కోసం వెళ్తే ఆ దుకాణదారుడు “నాన్నకేనా?” అని కూడా అడగడు.

ఈ చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనలు మరొక మాట చెప్పాయి. పిల్లలకు మద్యం ఇవ్వడం, అమ్మడం నేరమనీ, ఏడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పడుతుందనీ ప్రతి మద్యం దుకాణం బాగా కనిపించే చోట రాసి పెట్టాలి. పిల్లలు మత్తులో దొరికితే, అది వాళ్ల దాకా ఎలా వచ్చిందో పోలీసులు ఆరా తీయాలి. ఈసారి మీ వీధి వైన్స్ ముందు నుంచి వెళ్లేటప్పుడు ఆ బోర్డు ఉందేమో చూడండి. ధరల పట్టిక ఉంటుంది. కొత్త బ్రాండు రంగుల బొమ్మ ఉంటుంది. ఆ బోర్డు కోసం మాత్రం వెతుక్కోవాలి.

మరి తాగిన పిల్లాడి సంగతి? మత్తుకు అలవాటు పడే ప్రమాదంలో ఉన్న పిల్లలను ఈ చట్టం రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల జాబితాలో చేర్చింది. వాళ్లను తీసుకువెళ్లాల్సింది బాలల సంక్షేమ కమిటీ దగ్గరికి. మన ఇళ్లలో, బళ్లలో జరిగేది దీనికి నేరుగా వ్యతిరేకం. హాస్టల్ గదిలో సీసా దొరికితే ఇంటర్ పిల్లాడికి టీసీ ఇచ్చి పంపేస్తారు. వాడికి తెచ్చిచ్చింది వాచ్‌మనా, సీనియరా, సందు చివరి దుకాణమా అని ఎవరూ తేల్చరు. వాడు పోయాక అదే సీసా మరో పిల్లాడి గదికి వస్తుంది.

వంతెనకు ఇటు 21, అటు 18

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ 1968 నాటి ఎక్సైజ్ చట్టాన్నే వారసత్వంగా మోస్తున్నాయి. దాని ప్రకారం 21 ఏళ్లు నిండనివారికి లైసెన్సుదారు మద్యం అమ్మకూడదు. కానీ గోదావరి మీద ఎదుర్లంక వంతెన దాటి యానాంలో అడుగుపెడితే అదే కుర్రాడికి పద్దెనిమిదేళ్లకే హక్కు వచ్చేస్తుంది, యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి. గోవాలోనూ 18. కేరళ 2017లో 21 నుంచి 23కు పెంచింది. హరియాణా 2021లో 25 నుంచి 21కి దించింది. ఢిల్లీలో ఇంకా 25. బిహార్‌లో, గుజరాత్‌లో ఏ వయసువాళ్లకైనా నిషేధమే. మద్యం రాష్ట్రాల జాబితాలోది కాబట్టి ఒక్కో రాష్ట్రం ఒక్కో గీత గీసుకుంది.

ఇన్ని గీతల మధ్య 18 నుంచి 21 వరకు ఉన్న పిల్లల పరిస్థితి ఎటూ కాకుండా పోయింది. పద్దెనిమిది దాటగానే బాల న్యాయ చట్టం చేతులెత్తేస్తుంది. ఆ తర్వాత మిగిలేది ఎక్సైజ్ చట్టం. అది ముఖ్యంగా పట్టుకునేది లైసెన్సుదారునే. ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో చేరిన పద్దెనిమిదిన్నరేళ్ల పిల్లాడికి ఫ్రెషర్స్ పార్టీలో బలవంతంగా తాగించిన సీనియరును పట్టుకోవడానికి ర్యాగింగ్ చట్టం వైపు చూడాల్సిందే. మన కాలేజీల్లో మద్యం మొదలయ్యేది సరిగ్గా ఆ వయసులోనే.

వయసు గీత ఎక్కడ ఉండాలన్న వాదన ఎప్పుడూ ఉండేదే. ఓటు వేసే వయసుకు, పెళ్లి చేసుకునే వయసుకు ముడిపెట్టి “ఇవన్నీ చేయగలవాడు బీరు తాగకూడదా?” అంటారు. మెదడు మాత్రం ఆ లెక్కలు వినదు. ముందూ వెనకా ఆలోచించి ఆగే శక్తినిచ్చే ముందు భాగం ఇరవైల నడుమ దాకా ఎదుగుతూనే ఉంటుంది. అమెరికాలో 1990లలో జరిగిన ఒక పెద్ద జాతీయ సర్వేలో, పదిహేనేళ్లలోపే తాగుడు మొదలుపెట్టినవారిలో దాదాపు 40 శాతం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారు. ఇరవై దాటాక మొదలుపెట్టినవారిలో ఆ లెక్క 10 శాతం దగ్గర ఉంది. మొదటి గుక్కను నాలుగైదేళ్లు వాయిదా వేయించగలిగితే చాలు, ఎంతోమంది పిల్లల జీవితం మరో దారిన పడుతుంది.

మన దేశం లెక్కా చూద్దాం. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి, 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.3 శాతం మంది మద్యం తాగుతున్నారు. అంటే దాదాపు 30 లక్షల మంది. శాతంగా చూస్తే చిన్నదిగా కనిపిస్తుంది. ముప్పై లక్షల పిల్లల్ని ఒక్కచోట నిలబెడితే మన పెద్ద నగరాల్లో చాలావాటికి అంత జనాభా లేదు. వీళ్లలో ఎవరికీ ఏ రాష్ట్రంలోనూ చట్టబద్ధంగా ఒక్క సీసా కొనుక్కునే వీలు లేదు. అయినా అందరికీ దొరికింది. ప్రతి సీసా వెనకా ఒక పెద్ద మనిషి చెయ్యి ఉంది.

కిటికీ దగ్గర, కిరాణా కొట్లో

సాయంత్రం ఆరు తర్వాత వైన్స్ కిటికీ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఇనుప చువ్వల సందుల్లోంచి పది చేతులు లోపలికి పోతుంటాయి. లోపలివాడికి నోటు, వేళ్లతో చూపిన సంఖ్య తప్ప ముఖం కనబడదు. ఆ చేతికి పదహారేళ్లా, అరవయ్యేళ్లా అని చూసే తీరిక వాడికి లేదు, చూడమన్న వాళ్లూ లేరు. సిమ్ కార్డు కావాలంటే ఆధార్ అడుగుతారు. లాడ్జిలో గది కావాలంటే గుర్తింపు కార్డు జిరాక్స్ తీసుకుంటారు. మనిషి ప్రాణం తీయగల సరుకును మాత్రం ఏ కార్డూ అడక్కుండా ఇచ్చేస్తున్నారు.

ఈ వయసు తనిఖీకి డబ్బు లేదని ప్రభుత్వాలు చెప్పలేవు. తెలంగాణలో ఉన్నవి 2,620 మద్యం దుకాణాలు. 2023లో వాటి కేటాయింపు కోసం ఒక్కో దరఖాస్తుకు తిరిగివ్వని ఫీజు 2 లక్షల రూపాయలు పెట్టారు. 1.3 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. ఆంధ్రప్రదేశ్ 2024 అక్టోబరులో ప్రభుత్వ దుకాణాలు ఎత్తేసి 3,396 దుకాణాలను ప్రైవేటుకు అప్పగించింది. 99 రూపాయల క్వార్టర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. పేదవాడికి కల్తీ లేని సరుకు అందాలన్నది దానికి చెప్పిన కారణం. 99 రూపాయలంటే ఇంటర్ పిల్లాడి జేబులో ఉండే డబ్బు కూడా. ధర తగ్గించిన చేత్తోనే వయసు తనిఖీని గట్టి చేయాల్సింది. ఆ రెండో పని జరగలేదు. మద్యం దుకాణాల్లో వయసు తనిఖీకి గట్టి విధానం ఉండాలని కోరుతూ, తాగి నడిపేవారికి వ్యతిరేకంగా పనిచేసే ఒక సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్తే, 2024 నవంబరులో కోర్టు కేంద్రానికి నోటీసు ఇచ్చింది. చట్టంలో ఉన్న వయసును అడగండి అని చెప్పించడానికి దేశంలోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లాల్సి వచ్చిందంటే మన ఎక్సైజ్ శాఖలు ఆలోచించుకోవాలి.

అయితే పల్లెల్లో అసలు సమస్య వైన్స్ కూడా కాదు, బెల్టు షాపు. కిరాణా కొట్టులో బియ్యం బస్తా వెనక, పాన్ డబ్బాలో కింది అరలో, ఒక్కోచోట మామూలు ఇంటి వంటగదిలో సీసాలు ఉంటాయి. లైసెన్సు లేదు కాబట్టి బోర్డు లేదు, సమయం లేదు, వయసు లేదు. చాక్లెట్ కోసం వచ్చే పిల్లలూ, క్వార్టర్ కోసం వచ్చే పెద్దలూ ఒకే గుమ్మం ముందు నిలబడతారు. ఆ దుకాణాలకు సరుకు ఎక్కడి నుంచి వస్తోందో ఆ మండలం ఎక్సైజ్ సీఐకి తెలియదంటే నేను నమ్మలేను. ఎన్నికలకు ముందు ప్రతి పార్టీ బెల్టు షాపులు ఎత్తేస్తామంటుంది. ఆ ఎన్నికల ఊరేగింపుల్లోనే జెండా పట్టుకున్న పదహారేళ్ల కుర్రాళ్లకు బిర్యానీ పొట్లంతోపాటు క్వార్టరూ అందుతుంది. జెండా పట్టించిన నాయకుడికీ 77వ సెక్షన్ వర్తిస్తుంది. ‘ఇప్పించినా’ అన్న మాట చట్టంలో ఉంది.

“మా ముందే తాగనీ”

ఇంటి విషయానికొస్తే రాయడం కష్టంగా ఉంటుంది. ఇక్కడ తప్పు చేసేవాళ్లు పిల్లల్ని ప్రేమించేవాళ్లే.

తెలంగాణ పల్లెలో పండగకు, పెళ్లికి, దినాలకు కల్లు ఉంటుంది. పొద్దున్నే చెట్టు మీంచి దించినది ఒంటికి చలువ అని చిన్నపిల్లలకూ ఇస్తారు. ఈ ఆచారాన్ని నేను చిన్నచూపు చూడను. గీత వృత్తి మీద లక్షల కుటుంబాలు బతికాయి. దించగానే పులియకుండా చూసిన నీరా వేరు, అది మత్తు కాదు. కానీ గంటలు గడిచేకొద్దీ పులిసేది కల్లు, ఎక్సైజ్ చట్టం దాన్నీ మద్యంగానే లెక్కగడుతుంది. పైగా పట్టణాల కల్లు కాంపౌండ్లలో ఇవాళ దొరికేది చాలాసార్లు చెట్టు కల్లు కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం లాంటి మత్తు మందులు కలిపిన నీళ్లు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి ప్రాణాలు పోయాయి. తాత కాలంలో ఆరోగ్యమని తాగించిన ముంత పేరుతో ఇప్పుడు పిల్లాడి గొంతులో ఏం పోస్తున్నామో ఇచ్చే చేతికి తెలియదు.

పట్టణాల్లో చదువుకున్న ఇళ్లది ఇంకో తర్కం. “ఎలాగూ బయట తాగుతాడు. మా ముందే కొంచెం తాగితే అదుపు నేర్చుకుంటాడు” అంటారు. ఈ మాట చెప్పేవాళ్లు బాధ్యత లేనివాళ్లు కారు. ఆస్ట్రేలియా పరిశోధకులు ఇదే నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. దాదాపు 1,900 మంది పిల్లల్ని పన్నెండేళ్ల వయసు నుంచి ఆరేళ్లపాటు ఏటా పలకరించారు. 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన ఫలితం స్పష్టంగా ఉంది. తల్లిదండ్రులు ఇచ్చిన మద్యం ఏ రకంగానూ రక్షణ కాలేదు. ఇంట్లో అందుకున్న పిల్లలు మరుసటి ఏడాది బయటివాళ్ల నుంచీ తెచ్చుకునే అవకాశం పెరిగింది. ఒక్కసారిగా ఎక్కువ తాగడం, దానివల్ల దెబ్బలు, గొడవలు తగ్గలేదు, పెరిగాయి. తల్లిదండ్రులకు మినహాయింపు ఇవ్వకపోవడం మంచిదని ముందు అన్నది ఇందుకే. నాన్న చేతి మీదుగా వచ్చిన గ్లాసు పిల్లాడికి అనుమతి పత్రంలా పనిచేస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం మంది తాగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. ఇంత తాగే సమాజంలో పిల్లలకు మద్యం కనబడకుండా దాచడం సాధ్యం కాదని నాకూ తెలుసు. తండ్రి తాగడం మానాలన్న షరతు పెట్టి ఈ మాట చెప్పడం లేదు. తాగే తండ్రి కూడా “ఇది నీకు కాదు” అని గట్టిగా అనగలడు. బైకు తాళం దాచే తండ్రులు ఇప్పుడు పెరుగుతున్నారు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 199ఏ సెక్షన్ వచ్చాక మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా ఉన్నాయి. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. పోలీసులు స్టేషనుకు పిలిచి కూర్చోబెడుతున్నారు, పేపర్లలో వస్తోంది, జనం భయపడుతున్నారు. తాళం ఇస్తే మూడేళ్లు, సీసా ఇస్తే ఏడేళ్లు. మొదటిది అందరికీ తెలుసు, రెండోది తెలియదు.

ప్రాణం పోతేనే కదిలే సెక్షన్

తెలియకపోవడానికి ఒక పెద్ద కారణం చట్టం లోపలే ఉంది. ఈ ఒక్క విషయం మన ఎంపీలు, ఎమ్మెల్యేలు శ్రద్ధగా చదవాలని కోరుకుంటాను. బాల న్యాయ చట్టానికి 2021లో సవరణ చేశారు. అంతకుముందు, మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో పోలీసులు తమంతట తాము ఎఫ్ఐఆర్ రాసి, అరెస్టు చేసే వీలుండేది. సవరణ దాన్ని తీసేసింది. ఇప్పుడు అవి మెజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరాలు. పిల్లలకు మద్యం ఇవ్వడం, పిల్లలతో మద్యం మోయించడం, పిల్లలతో బిచ్చమెత్తించడం అన్నీ ఆ బుట్టలోకి పోయాయి. ఢిల్లీ బాలల హక్కుల కమిషన్ దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది.

దీని అర్థం రోజువారీ జీవితంలో ఏమిటి? మీ వీధి దుకాణదారుడు మీ పదిహేనేళ్ల పిల్లాడికి బీరు అమ్మాడని మీరు స్టేషనుకు వెళ్తారు. ఎస్సై మీ ఫిర్యాదు పుస్తకంలో రాసుకుని, మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమంటాడు. కూలి పని మానుకుని కోర్టు చుట్టూ తిరిగే తల్లి ఎంతమంది ఉంటారు? అదే పిల్లాడు తాగి బండి నడిపి ఒకరిని చంపితే, ఆ పెద్ద నేరంతో కలిపి 77ను కూడా పోలీసులు నేరుగా దర్యాప్తు చేయవచ్చు. పుణెలోనూ ఆ సెక్షన్ కదిలింది ప్రాణాలు పోయాకే. అంటే నేరాన్ని ఆపడానికి పుట్టిన సెక్షన్, ఎవరో ఒకరు చనిపోయాకే పోలీసు చేతికి వస్తోంది. ఏడేళ్ల శిక్ష రాసి, దాన్ని వాడే దారి మూసేయడం పిల్లలకు చేసిన అన్యాయం. ఆ సవరణను కనీసం 77, 78 సెక్షన్ల వరకైనా వెనక్కి తీసుకోవాలి.

ఎక్సైజ్ శాఖకు మాత్రం ఇవాళ కూడా అడ్డు లేదు. లైసెన్సు ఇచ్చింది వాళ్లే, రద్దు చేయాల్సింది వాళ్లే. పిల్లలకు అమ్మిన దుకాణం నెల రోజులు మూతపడితే, ఆ వార్త పక్క మండలానికి చేరేసరికి కిటికీ దగ్గర కార్డు అడగడం మొదలవుతుంది.

సముద్రాల అవతల

అమెరికాలో 1984లో కేంద్ర ప్రభుత్వం వయసును 21గా నిలబెట్టడానికి రోడ్ల నిధులను ఆయుధం చేసుకుంది. 21 పెట్టని రాష్ట్రానికి జాతీయ రహదారుల నిధుల్లో కోత వేసింది. 1988 నాటికి అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. దాని వెనక, తాగి నడిపినవాళ్ల చేతిలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల ఉద్యమం ఉంది. ఈ వయసు చట్టాల వల్ల 1975 నుంచి 2017 వరకు దాదాపు 32 వేల ప్రాణాలు రోడ్ల మీద నిలిచాయని అక్కడి రహదారి భద్రత సంస్థ అంచనా.

ఆ చట్టాలు మన కుటుంబాలకు దూరం కావు. ఎమ్మెస్ కోసం వెళ్లే తెలుగు పిల్లల్లో చాలామంది 21 దాటినవాళ్లే కాబట్టి తమకేమీ కాదనుకుంటారు. కానీ అక్కడ డిగ్రీ చదువుతున్న పంతొమ్మిదేళ్ల జూనియరుకు తన కార్డు చూపించి బీరు కొనిచ్చిన ఇరవైమూడేళ్ల అన్నే నేరస్థుడు. ఆ కేసు రికార్డులో ఉండిపోయి వీసా ప్రశ్నల్లో బయటపడుతుంది. తాగి నడిపి అరెస్టయితే వీసా రద్దయ్యే ప్రమాదమూ ఉంది. అక్కడ స్థిరపడ్డ మన ఇళ్లలో బేస్‌మెంటులో పిల్లలు పార్టీ చేసుకుంటుంటే పైన పెద్దలు తెలిసీ తెలియనట్టు ఉండటం చాలా రాష్ట్రాల్లో నేరం. మేరీలాండ్ 2016లో, ఇంట్లో మైనర్లు తాగడానికి తెలిసి అనుమతించిన పెద్దలకు జైలు కూడా పడేలా చట్టం తెచ్చింది. సీసా ఎవరు కొన్నారని కాదు, ఎవరి కప్పు కింద తాగారని ఆ చట్టం అడుగుతుంది.

శిక్షలతోనే అంతా అయిపోదని చూపించిన దేశం ఐస్‌లాండ్. 1998లో అక్కడి 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో తాగి మత్తెక్కామని చెప్పారు. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. మద్యం కొనే వయసు 20 చేశారు, ప్రకటనలు నిషేధించారు, రాత్రిళ్లు పిల్లలు బయట తిరగకుండా సమయం పెట్టారు. ఆటలకు, సంగీతానికి ప్రతి పిల్లాడి పేరున డబ్బు ఇచ్చారు. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది, బడి తల్లిదండ్రులంతా ఒక ఒప్పంద పత్రం మీద సంతకాలు చేయడం. మైనరుకు మద్యం కొనివ్వం, పిల్లల్ని పెద్దలు లేని పార్టీలకు పంపం, పక్కింటి పిల్లాడి మీద కూడా కన్నేసి ఉంచుతాం అని. మన స్కూళ్లలో పేరెంట్స్ మీటింగులు మార్కుల గురించే సాగుతాయి. ఒక్క మీటింగులో ఈ కాగితం తీస్తే ఖర్చు ఏమీ లేదు.

మన దగ్గర ఇలాంటిది సాధ్యమా అంటే, నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తు చేసుకుందాం. అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు, రోశమ్మ లాంటివాళ్లు, 1992లో సారా దుకాణాన్ని మూయించారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికీ దారి తీసింది. ఆ నిషేధం 1997లో సడలిపోయింది, దాని మంచిచెడ్డల మీద వాదనలున్నాయి. కానీ ఊరి ఆడవాళ్లు కలిస్తే దుకాణం మూతపడుతుందన్నది మాత్రం తేలిపోయింది. ఇవాళ అడిగేది అంత పెద్దది కూడా కాదు. పెద్దవాళ్ల దుకాణం జోలికి పోవద్దు. పిల్లలకు అమ్మే బెల్టు షాపును ఊరిలో ఉండనివ్వబోమని గ్రామసభ తీర్మానించాలి. పిల్లలకు అమ్మడం నేరమని చెప్పే ఆ బోర్డును మహిళా సంఘాలు వైన్స్ ముందు పెట్టించాలి. పెట్టకపోతే ఎక్సైజ్ సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి.

ఇక మీ ఇంటి సంగతి. మీ పిల్లాడు తాగి వచ్చాడని తెలిసిన రాత్రి కొట్టకండి, గేటు బయట నిలబెట్టకండి. వాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పిలిచినా పలక్కుండా, ఊపిరి మందగించి, ఒళ్లు చల్లబడితే వెంటనే 108కి ఫోను చేయండి. తెల్లారాక, వాడు మనిషైన తర్వాత, పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: ఎవరిచ్చారు? ఆ పేరు బంధువుదైనా, స్నేహితుడిదైనా, దుకాణానిదైనా వదలకండి. అలవాటు ముదిరిందనిపిస్తే మత్తు విముక్తి సలహాకు 14446 ఉంది. ఏ పిల్లాడి చేతనైనా మద్యం తాగిస్తున్నట్టు, మోయిస్తున్నట్టు కంటపడితే 1098కి చెప్పండి. రెండూ ఉచిత నంబర్లే.